పెద్దాయన సాయంత్రం పలకడు

ఒర్లియంపేట, పాండిచ్చేరి
12 ఏప్రిల్ 2003

నందితకు అత్త ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం, నెట్ తప్ప.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. పోయిన ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు పక్కింటి అమ్మాయమ్మ ఫ్రాన్సులో పెన్షను ఆఫీసుకు మెయిల్ రాయిస్తూ కూర్చుంది. మా షాపులో ఫోనూ నెట్టూ ఒకే తీగ మీద బతుకుతున్నాయి. నీ హలో లోపలికి వచ్చింది, ఆవిడ మెయిల్ గాలిలో కలిసింది. ఆవిడ ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంది. కాబట్టి తల్లీ, దయచేసి ఫోన్ చెయ్యకు.

పైగా ఉత్తరంలో ఇంకో సుఖముంది. ఈ ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, చదవడం ఒక్కరికీ రాదు. మా నాన్న, అదే మీ తాత సుబ్బరాయలు, మనిద్దరికీ బెత్తం చూపించి అక్షరాలు దిద్దించాడు. అందువల్ల రాసిన కాగితం కూడంలో అందరి కళ్ళముందు వదిలేసి స్నానానికి వెళ్ళినా నాకు భయం లేదు.

విషయానికొస్తాను. ముందు గదిలో నేను బ్రౌజింగ్ సెంటర్ పెట్టింది నీకు తెలుసు. మూడు సిస్టంలతో మొదలుపెట్టాను. ఉగాది నాడు నాలుగోది వచ్చింది. పూజ చేసి, సాంబ్రాణి వేసి, అన్నీ పద్ధతిగానే చేశాం. ఆ తరవాత నుంచే రోగం. పొద్దున బ్రహ్మాండంగా పనిచేస్తుంది. సాయంత్రం, సరిగ్గా జనం వచ్చే వేళకు, మొదటి సిస్టంలో తప్ప ఇంకెక్కడా నెట్ రాదు. నలుగురు కూర్చుంటే ముగ్గురు గోడ చూసుకుంటూ వెళ్ళిపోతారు.

మా మరిది త్యాగరాజన్‌కు ఆ గది మీద కన్నుంది. పెళ్ళిళ్ళకు ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం కదా అతనిది, సామాను మిద్దె మీదికి మోసి మోసి నడుం పడిపోతోందని గోల. మా మామగారు ఇద్దరినీ పిలిచి తీర్పు చెప్పేశారు. "ప్లస్ టూ రిజల్టు వచ్చే దినం దాకా చూస్తా. ఆ దినం వీధి పిలకాయలంతా మన వాకిట్లో నిలబడతారు. నెట్ పన్జేస్తే గది కోడలిది. లేదంటే త్యాగుది." మీ మామయ్య ఎప్పటిలాగే ఏమీ అనలేదు.

నందూ, ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి వంటింట్లో నిలబడే చోటు తప్ప నాదంటూ ఏదీ లేదు. ఆ గదిలో ఒక కుర్చీ నాది. దాంట్లో ఇంకెవరూ కూర్చోరు. అది పోతే నేను తట్టుకోలేను. నువ్వు హైదరాబాదులో ఇదే చదువు చదివి ఇదే ఉద్యోగం చేస్తున్నావు. ఏం చెయ్యాలో రాయి.

ఇంకో మాట. త్యాగు రోజూ సాయంత్రమే ఇంటికొస్తాడు. నేనేమీ అనడం లేదు.

ఆశతో,
లోగనాయకి అత్త


అమీర్‌పేట, హైదరాబాదు
18 ఏప్రిల్ 2003

అత్తకు నందిత దండాలు.

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. హాస్టల్లో సాంబారు అని ఒకటి పోస్తారు, దాని గురించి రాయను, నువ్వు బాధపడతావు. ఆఫీసులో నేను "యాడ?" అంటే చాలు, అందరూ తిరిగి చూసి నవ్వుతారు. నేను కూడా వాళ్ళ మాటలకు నవ్వుతాను, లోపల.

నీ రోగానికి వైద్యం చేసే ముందు ఒళ్ళు ఎలా పనిచేస్తుందో తెలియాలి. ప్రతి సిస్టంకూ ఒక నంబరు ఉంటుంది. దాన్ని ఐ.పి. అడ్రస్ అంటారు. ఇంటి డోరు నంబరు లాంటిదే. పోస్ట్‌మాన్ మొహాలు చూడడు, నంబరు చూసి ఉత్తరం పడేసి పోతాడు. మీలాంటి షాపుల్లో మొదటి సిస్టం నంబరు మామూలుగా 192.168.0.1. ఫోను తీగ దానికే ఉంది కాబట్టి అదే వీధి వాకిలి. మిగతావన్నీ దాని గుండానే బయటికి పోవాలి. అన్ని తీగలూ వచ్చి కలిసే చిన్న దీపాల పెట్టె ఉందే, అది హబ్.

ఇప్పుడు ఇవి చెయ్యి. హబ్ మీద ప్రతి తీగకూ ఎదురుగా దీపం వెలుగుతోందా చూడు. వెలగకపోతే ఆ తీగ పీకి, టిక్కుమనే దాకా మళ్ళీ గుచ్చు. తీగ ఎక్కడైనా బరువు కింద నలిగిందేమో చూడు, కుర్చీలూ బీరువాలూ పెడితే లోపల తెగిపోతుంది. తరవాత రెండో సిస్టం దగ్గర కూర్చుని, నల్ల తెర తెరిచి, పింగ్ అని కొట్టి, పక్కన 192.168.0.1 కొట్టు. పింగ్ అంటే వాకిట్లో నిలబడి "ఇంట్లో ఎవరమ్మా?" అని కేకెయ్యడం. మనిషుంటే పలుకుతారు. పలుకు రాకపోతే దారి తెగినట్టు. ఇది పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెయ్యి.

నాలుగు సిస్టంల పేర్లూ నంబర్లూ రాసి పంపు. ఉగాది తరవాత ఏదైనా మార్చారా అన్నది కూడా రాయి. ఈ ప్రశ్న నేను రోజుకు యాభై మందిని అడుగుతాను. అందరూ ఏమీ మార్చలేదనే అంటారు.

త్యాగు మామను ఊరికే అనుమానించకు.

నీ కోడలు పిల్ల,
నందిత


ఒర్లియంపేట
25 ఏప్రిల్ 2003

నందితకు,

నీ ఉత్తరం అందింది. ఏమీ మార్చలేదు.

నువ్వు కుర్చీలు అని రాశావు. అది చదివిన క్షణం నాకు కళ్ళు తెరుచుకున్నాయి. కిటికీ పక్కన తీగ పోయే చోటే త్యాగు కుర్చీలు ఒకదాని మీద ఒకటి నా ఎత్తు పేర్చి పెట్టి ఉన్నాయి. వీరాంపట్టినంలో ఏదో పెళ్ళి నుంచి తిరిగొచ్చినవి, మిద్దెక్కించడానికి ఒళ్ళు వంగక అక్కడే దించాడు. నేను ఊరుకోలేదు. అతను వచ్చీ రాగానే అందరి ముందూ అడిగేశాను. తీగ నలిపితే నెట్ పోతుందని హైదరాబాదు నుంచి ఇంజనీరు రాసిందని చెప్పాను. ఇంజనీరు అంటే నువ్వే.

"ఏంది వదినా, నేను నీ తీగ తెంపేదానికి పొయ్యేనా?" అన్నాడు.

"పెళ్ళిళ్ళ కాలంలో కుర్చీలు దించే చోటు నా గదేనా?" అన్నాను.

"నీ గదా?" అన్నాడు.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ గడప దాటి లోపలికి రావద్దు అన్నాను. అతను మెల్లగా కుర్చీలన్నీ మిద్దెక్కించాడు. ఆఖరి కట్ట భుజాన వేసుకుని, "ఈ ఇంట్లో పేరు లేనోడు నేనొక్కడే" అని పైకి పోయాడు. అదేం మాటో, దానికర్థమేమిటో నాకు తెలియలేదు. అప్పటి నుంచి భోజనం పైకే పంపించుకుంటున్నాడు. నా తోడికోడలు సుగంధి కంచం పట్టుకుని మెట్లెక్కుతూ నా వైపు చూడదు. వాళ్ళ ప్రీతిక ప్లస్ టూ రాసి ఖాళీగా ఉంది, రోజూ వచ్చి నా పక్కన కూర్చునేది. అదీ రావడం మానేసింది.

కుర్చీలు పోయాయి. నెట్ రాలేదు.

నువ్వు చెప్పిన కేక వేశాను. పొద్దున పలికింది. సాయంత్రం కూడా పలికింది, నాలుగు సార్లు. పలుకుతుంది గానీ పని జరగదు. మీ మామయ్య లాగే. హబ్ దీపాలన్నీ కార్తీక మాసంలో లాగా వెలుగుతున్నాయి.

పేర్లు అడిగావు. రెండోది సుగంధి, నంబరు చివర 2. మూడోది ప్రీతిక, నంబరు చివర 3. మొదటిది పెద్దాయన పేరు. గది ఇచ్చింది మా మామగారు కనక ఆయన పేరే పెట్టాను. కోడలిని, ఆ పేరు నోటితో అనను, కాగితం మీదా రాయను. కీబోర్డు మీద కొట్టాను, దానికి దోషం లేదని గుడి అయ్యవారిని కనుక్కున్నాను. నాలుగోదానికీ పెద్దవాళ్ళ పేరే కనక అదీ రాయను. దాని గురించి నువ్వు బెంగపెట్టుకోవద్దు, అంతా శాస్త్రప్రకారం జరిగింది.

తెర మీద అప్పుడప్పుడూ ఒక పెట్టె వస్తుంది. ఏదో ఇంగ్లీషులో ఉంటుంది. ఓకే అంటాను, పోతుంది.

లోగనాయకి అత్త


అమీర్‌పేట
2 మే 2003

అత్తకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి తల పట్టుకుని చదివాను.

మొట్టమొదట, త్యాగు మామ కుర్చీలకు ఏ పాపమూ తెలియదు. తీగ తెగితే కేకకు పలుకు రాదు. నీకు పలుకు వచ్చింది. అంటే తీగ నిక్షేపంగా ఉంది. నేను కుర్చీలు అన్నది మాటవరసకి. ఏ ఇంటికి రాసినా బీరువా, కుర్చీ, కుక్క అనే రాస్తాను. నువ్వు దాన్ని కోర్టు కాగితంలా చదివి వినిపిస్తావని నాకేం తెలుసు? నన్ను ఇంజనీరు అనడం కూడా వద్దు. ఇక్కడ నన్ను ఇంకా ట్రెయినీ అంటారు.

ఆయనకు ఒక మంచి మాట చెప్పు అత్తా. గది కోసం పోట్లాడు, నీకు హక్కుంది. చెయ్యని తప్పుకు మాత్రం మనిషిని గడప బయట నిలబెట్టకు.

ఇప్పుడు అసలు సంగతి. సాయంత్రం పెద్దాయన పలుకుతున్నాడు, ఆయన దగ్గర నెట్ కూడా ఉంది, మిగతావాళ్ళకు మాత్రం అందడం లేదు. ఇలాంటిది నేను ఇంతవరకు చూడలేదు. మా సారును అడిగితే, "ఆ పెట్టెలో ఏముందో చదవమను" అన్నాడు. అత్తా, ఓకే అంటే అడిగిందానికి తలాడించడం కాదు. అది నీకేదో చెబుతోంది, నువ్వు వినకుండా సరే సరే అని పంపించేస్తున్నావు. ఈసారి వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు అక్షరం అక్షరం రాసుకుని పంపు.

సాయంత్రం ఏ సిస్టం ముందు ఆన్ చేస్తావు, ఏది తరవాత చేస్తావు అన్నది కూడా రాయి. రిజల్టు తేదీ దగ్గర పడుతోంది, వెంటనే రాయి.

ఆ నాలుగో సిస్టం పేరేమిటో చెప్పెయ్యి. అది ఇనప డబ్బా అత్తా, మామగారు కాదు.

నందిత


ఒర్లియంపేట
8 మే 2003

నందితకు,

ఇనప డబ్బా అని రాయడం బాగాలేదు. ఆయుధ పూజకు మనం కత్తిపీటకు కూడా బొట్టు పెడతాం.

త్యాగుకు మంచి మాట చెప్పమన్నావు. చెబుదామనే మెట్ల దాకా వెళ్ళాను. పైన రేడియో పెద్దగా మోగుతోంది. తిరిగొచ్చేశాను. నాకు అభిమానమెక్కువ, అది నీకు తెలుసు, మీ నాన్నకూ అంతే.

రిజల్టు ఈ నెలాఖరులోపే వస్తుందట. మా మామగారు రోజూ సాయంత్రం గడపలో నిలబడి ఖాళీ కుర్చీలను ఒకసారి చూసి, గొంతు సవరించుకుని వెళ్ళిపోతారు. ఆ దగ్గు వింటే నాకు అన్నం సహించడం లేదు. మొన్న త్యాగు గది కొలత తీసుకోవడానికి టేపు తెచ్చాడని సుగంధి పనిమనిషితో అంటుంటే విన్నాను. కొలుచుకోనీ.

పెట్టె వచ్చింది. ఓకే అనకుండా రాసుకున్నాను. ఐ.పి. అడ్రస్ 192.168.0.1 కాన్‌ఫ్లిక్ట్ అని ఉంది. ఆ చివరి మాటకు అర్థం అమ్మాయమ్మను అడిగితే కొట్లాట అని చెప్పింది. నందూ, మా ఇంట్లో కొట్లాట దానికెలా తెలిసింది?

ఏది ముందు ఆన్ చేస్తానని అడిగావు. పొద్దున బేరాలుండవు కనక పెద్దాయన్నూ సుగంధినీ ప్రీతికనూ లేపితే సరిపోతుంది. మధ్యాహ్నం అన్నీ ఆపి కాసేపు నడుం వాలుస్తాను. సాయంత్రం దీపం పెట్టి వచ్చాక ముందు చిన్నవాణ్ణి, అంటే నాలుగోదాన్ని, లేపుతాను. పిల్లలకు ముందు పెట్టి తరవాత పెద్దలు తినడం మన ఇంటి ఆచారం కదా. ఆ తరవాత పెద్దాయన. అప్పుడే ఆ పెట్టె వచ్చేది.

పేరు చెప్పమని అంతగా అడిగావు కనక పేరు రాయకుండానే చెబుతాను. ఇంటికి కొత్తగా వచ్చిన మగపిల్లాడికి తాత పేరు పెట్టడం మనలో తరతరాలుగా ఉంది. కొత్త సిస్టం వచ్చినప్పుడు మా మామగారే అడిగారు, "దీనికేం పేరు పెడ్తావమ్మా?" అని. ఆయన మొహం చూస్తే వేరే పేరు చెప్పబుద్ధి కాలేదు. చిన్నవాడికి పెద్దాయన పేరే పెట్టాను. పేరొక్కటి ఇస్తే ఏం బాగుంటుంది? మనవడికి తాత ఆస్తి మొత్తం రావాలి. అందుకని పెద్దాయన దగ్గర ఏ గడిలో ఏమేమి అంకెలున్నాయో చూసి, ఒక్కటీ తప్పు పోకుండా, చిన్నవాడి గడుల్లోనూ అవే కొట్టాను. నా చేతులతో నేనే చేశాను. ఎవరి సాయమూ తీసుకోలేదు.

ఇందులో ఏదైనా లోపముందంటావా?

లోగనాయకి అత్త


అమీర్‌పేట
13 మే 2003

అత్తా,

ఉంది.

ఒకే వీధిలో రెండు ఇళ్ళకు ఒకే డోరు నంబరు వేశావు. సాయంత్రం చిన్నవాడు ముందు లేచి ఆ నంబరు పట్టుకుంటాడు. తరవాత పెద్దాయన లేచి చూస్తే తన నంబరులో ఇంకొకడు కూర్చుని ఉంటాడు. ఆయన తన వైపు తలుపు మూసేసుకుంటాడు. పెట్టెలో చెప్పేది అదే. నువ్వు వాకిట్లో నిలబడి తాతను కేకేస్తే ఆ పేరున్న మనవడు "ఉన్నా" అని పలికాడు. పలికాడు గానీ వాడి దగ్గర ఫోను తీగ లేదు, నెట్ ఎక్కడి నుంచి తెచ్చిస్తాడు? పొద్దున వాడు నిద్రలో ఉంటాడు కాబట్టి గొడవ లేదు.

చిన్నవాడి నంబరు చివర 1 తీసి 4 కొట్టు. పేరు కూడా మార్చాలి, ఒకే పేరుతో ఇద్దరుంటే అది కూడా ఒప్పుకోదు. ఇంట్లో ఇంకే సిస్టంకూ లేని పేరేదైనా పెట్టు. తరవాత అన్నీ ఒకసారి ఆపి, ముందు పెద్దాయన్ను లేపు. ఆచారం మర్యాదగా వంటింటి దాకానే ఉంచు.

మా సారుకు చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి కాసేపు బయటికి వెళ్ళొచ్చాడు. "ఇరవై ఏళ్ళ సర్వీసులో ఈ కారణం వినలేదు" అన్నాడు.

త్యాగు మామకు ఈ సంగతి చెప్పు. రేడియో ఆగే దాకా మెట్ల మీదే నిలబడు.

నందిత


ఒర్లియంపేట
27 మే 2003

నందితకు అత్త ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం, నెట్‌తో సహా.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రమే 4 కొట్టాను. పేరు దగ్గర ఆగిపోయాను. నాది కాక ఇంట్లో సిస్టం లేని పేర్లు రెండే మిగిలాయి. ఒకటి మీ మామయ్యది, దోషం లేదన్నా మొగుడి పేరు కొట్టడానికి నాకు సిగ్గు. రెండోది కొట్టడానికి అప్పటికి నా చెయ్యి రాలేదు. అందుకని నందిత అని పెట్టాను. నాలుగూ ఒక్కసారి లేచాయి. పెట్టె రాలేదు. నేను కాసేపు ఏడ్చాను. మీ మామయ్య చూసి కాఫీ తెచ్చి పెట్టాడు.

మెట్ల దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. రేపు, రేపు అనుకుంటూ ఉండగానే రిజల్టు దినం వచ్చేసింది.

పొద్దున తలుపు తీస్తే వీధి నిండా పిల్లలూ వాళ్ళ అమ్మానాన్నలూ. ఎండ నెత్తిన కాస్తోంది. వీళ్ళందర్నీ ఎక్కడ నిలబెట్టాలి అని నేను చూస్తుండగా మిద్దె మెట్ల మీద చప్పుడైంది. త్యాగు కుర్చీలు దించుతున్నాడు. నేను అడగలేదు. నా వైపు చూడకుండానే వీధిలో అరుగు నీడన పెళ్ళికి వేసినట్టు వరసలు వేశాడు. మా మామగారిని తీసుకొచ్చి మొదటి వరసలో కూర్చోబెట్టాడు. ఇంత చేసి తను మాత్రం గడప అవతలే నిలబడ్డాడు. ప్రీతిక, పరీక్ష నంబరు చీటీ చేతిలో నలుపుతూ, అతని వెనకాలే ఉంది. అందరూ ఒక్కొక్కరే లోపలికి వచ్చి చూసుకుని పోతున్నారు, వాళ్ళిద్దరూ రారు. ఇందిరా నగర్‌లో ఇంకో సెంటర్ ఉందట, అక్కడికి పోదాం నాన్నా అని ఆ పిల్ల గొణుగుతుంటే నా చెవిన పడింది.

నందూ, నా గది గెలిచిన రోజు అది. నాలుగు తెరలూ వెలుగుతున్నాయి. నా కళ్ళు మాత్రం గడప మీదే ఉన్నాయి.

లేచి గడప దగ్గరికి వెళ్ళాను. వీధంతా చూస్తోంది. "త్యాగూ, నీ కుర్చీలది తప్పు కాదు. తప్పు నాది. ఇద్దరికి ఒకే నంబరు కొట్టింది నేను. లోపలికి రా" అన్నాను.

అతను ముందు తెరల వైపు చూశాడు. "మళ్ళా చెడిందా వదినా?" అన్నాడు.

"చెడలేదు. రా" అన్నాను.

వచ్చాడు. ఏ సిస్టం దగ్గరా చోటు లేదు. నా కుర్చీ చూపించాను. అందులో కూర్చుని, ఒక్క వేలితో, బిడ్డ నంబరు తనే కొట్టాడు. ప్రీతిక పాసైంది. గణితంలో రెండు వందలకు 192. ఆ అంకె చూడగానే నేను ఒక్క క్షణం హడలిపోయాను, మార్కులని తరవాత గుర్తొచ్చింది. త్యాగు తెర మీదే వేలు పెట్టి ఆ పేరు తడుముతూ ఏడ్చేశాడు. సుగంధి వచ్చి నా భుజం మీద చెయ్యేసింది. నేను నిలబడే ఉన్నాను. నా కుర్చీ లేకుండా ఆ గదిలో నిలబడడం నాకు అదే మొదలు, కాళ్ళేమీ నొప్పి పుట్టలేదు.

అప్పుడతను నాలుగు తెరలూ ఒకసారి చూశాడు. ప్రతిదాని నెత్తిన మీ మామయ్య చేత పేరు రాయించి అంటించాను. "అన్న పేరు నువ్వు కొట్టవు, సరే. మిగిలినోళ్ళ పేర్లన్నీ ఉండాయి. నాయనకు మొదట రెండు పెట్నావు. ఇప్పుడు హైదరాబాదులో ఉండే పిల్లకు కూడా ఉండాది" అని, మళ్ళీ తెర వైపు తిరిగాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. కుర్చీలు మోస్తూ ఆ రోజు అన్న మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది.

మా మామగారు వీధిలోంచే తీర్పు చెప్పేశారు, గది కోడలిదని. త్యాగు సరే అన్నాడు. నేను సరే అనలేదు. కిటికీ వైపు గోడ పొడుగునా కుర్చీలు పేర్చుకోమన్నాను. తీగ ఇటు వైపుకు మార్పించేశాను, ఎంత ఎత్తు పేర్చినా దాని జోలికి పోవు. ఇక మెట్లెక్కే పని లేదు. జనం ఎక్కువైతే వాళ్ళు కూర్చోవడానికీ అవే కుర్చీలు.

చివరగా ఒకటి చెప్పాలి, ఏమీ అనుకోవద్దు. నాలుగోదానికి నీ పేరు తీసేశాను. త్యాగరాజన్ అని పెట్టాను. మరిది పేరు కనక రాయొచ్చు, అనొచ్చు. ఆ పేరుతో ఇంకో సిస్టం లేదు, నంబరు కూడా వేరే, రెండుసార్లు చూసుకున్నాను. నిన్న సాయంత్రం అతను వచ్చి, వాకిట్లో నిలబడి, దాన్ని ఒకసారి కేకెయ్యమన్నాడు. పింగ్ కొట్టాను. నాలుగు సార్లు పలికింది. ఇంకోసారి కొట్టమన్నాడు.

లోగనాయకి అత్త